‘పిల్ల’ ఎవరు? – కన్యాశుల్కం నాటకంలో నిర్దేశం, వ్యక్తి, జాతి

వ్యాససంగ్రహం

మాటతో ఒక నిర్దిష్టమైన మనిషిని గాని వస్తువును గాని చూపడాన్ని భాషాతత్త్వశాస్త్రం ‘నిర్దేశం’గా పరిగణిస్తుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంలో కథను మలుపు తిప్పే మాయపెళ్లి, దాని పర్యవసానంగా వచ్చే ఖూనీ కేసు, చివరి అంకంలో మధురవాణి పురుషవేషం – ఈ మూడూ నిర్దేశానికి సంబంధించిన చిక్కులే. పెళ్లికూతురును వ్యక్తిగా కాక కొన్ని లక్షణాల మొత్తంగా చూసే ఆచారం వల్లనే మోసం సాధ్యమైందని, అదే చూపు వేశ్య విషయంలో సంస్కర్తలోనూ ఉందని, నాటకం ఈ రెండింటినీ ఒకే విధంగా పరీక్షకు పెట్టిందని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: నిర్దేశం, వర్ణన, సంజ్ఞ, జాతి–వ్యక్తి, సర్వనామం, కన్యాశుల్కం, గురజాడ.

1. ప్రవేశిక

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో పుస్తకంగా వెలువడింది. విస్తృతంగా తిరగరాసిన రెండవ కూర్పు 1909లో వచ్చింది. సంఘసంస్కరణ, వ్యావహారిక భాష, హాస్యం, పాత్రచిత్రణ అన్న నాలుగు మార్గాల్లో ఈ నాటకంపై విస్తారమైన విమర్శ పెరిగింది. గిరీశం, మధురవాణి పాత్రలు ఆ విమర్శలో సహజంగానే పెద్దపీట వేసుకున్నాయి. కథకు ఇరుసు వంటి మరో ‘పాత్ర’ ఉంది. లుబ్ధావధాన్లు పెళ్లి చేసుకున్న ఆ చిన్నపిల్ల అసలు లేదు. కరటకశాస్త్రి శిష్యుడు మహేశం వేసిన ఆడవేషమే ఆ పిల్ల. లేని మనిషిని గురించి నాటకంలో ఇంతమంది ఇన్ని మాటలు మాట్లాడతారు. బేరమాడతారు, పెళ్లి చేస్తారు, వెతుకుతారు, చివరికి ఖూనీ అయిందంటారు. ఆ మాటలన్నీ దేనిని చూపుతున్నాయి? ఈ ప్రశ్నను హాస్యసన్నివేశపు చమత్కారంగా వదిలివేయకుండా ఆచారానికి, భాషకు ఉన్న సంబంధంగా చదివితే నాటకం చేసే విమర్శ మరింత స్పష్టపడుతుంది.

2. నిర్దేశం: అవసరమైన కొన్ని భావనలు

కన్యాశుల్కం మొదటి ప్రదర్శన జరిగిన 1892లోనే జర్మన్ తార్కికుడు ఫ్రేగె, మాట చూపే వస్తువు వేరు, ఆ వస్తువును మాట అందించే తీరు వేరు అని నిరూపించిన ప్రసిద్ధ వ్యాసాన్ని ప్రచురించాడు. వేగుచుక్క, సాయంకాలపు చుక్క అన్న రెండు పేర్లూ శుక్రగ్రహాన్నే చూపుతాయి. అయినా ఒకటి తెలిసినవాడికి రెండోది కూడా అదేనని తెలిసి ఉండనక్కరలేదు. ఈ రెండు ఘటనలకు పరస్పర సంబంధమేమీ లేదు. కాని ఒకే మనిషి రెండు రకాలుగా అందినప్పుడు ఎదుటివారి ప్రవర్తన ఎలా మారుతుందన్నది ఈ నాటకం ముఖ్యంగా పట్టించుకున్న విషయం.

1905లో రసెల్ మరో మెట్టు ఎక్కించాడు. ‘ఫలానా లక్షణం గల మనిషి’ అనే వర్ణన నిజానికి ఎవరినీ వేలుపెట్టి చూపదని, అటువంటి మనిషి ఒకరున్నారని, ఒక్కరే ఉన్నారని అది చెబుతుందని అతని వాదం. అటువంటి మనిషి లేకపోతే వాక్యం అబద్ధమవుతుంది. 1950లో స్ట్రాసన్ దీనికి అభ్యంతరం చెప్పాడు. అసలు మనిషే లేనప్పుడు వాక్యం నిజమూ కాదు, అబద్ధమూ కాదు. నిజానిజాల ప్రసక్తే రాదు అన్నాడు. 1966లో డానెలన్ ఒకే వర్ణనకు రెండు వాడుకలున్నాయని చూపాడు. ‘ఎవరైనా సరే, ఈ లక్షణం ఉన్నవారు’ అన్నది ఒకటి. ‘నా మనసులో ఉన్న ఈ మనిషి’ అన్నది రెండోది. రెండో వాడుకలో వర్ణన తప్పైనా నిర్దేశం కుదరవచ్చు. సంజ్ఞానామాల సంగతి వేరని 1970లో ఇచ్చిన ఉపన్యాసాల్లో క్రిప్కి వాదించాడు. పేరు వర్ణనకు సంక్షిప్తరూపం కాదు. మనిషి లక్షణాలు మారినా, మనం అనుకున్నవి తప్పైనా పేరు ఆ మనిషినే అంటిపెట్టుకుని ఉంటుంది.

భారతీయ శాస్త్రాల్లో ఈ చర్చ మరింత పాతది. శబ్దానికి అర్థం జాతా, వ్యక్తా అన్న వివాదంలో మీమాంసకులు జాతి పక్షాన నిలిచారు. వ్యక్తి, ఆకృతి, జాతి మూడూ పదార్థమేనని న్యాయసూత్రకారుడు సమన్వయించాడు. పతంజలి జాతి, గుణ, క్రియా శబ్దాలతోపాటు యదృచ్ఛాశబ్దాలను కూడా పేర్కొన్నాడు. ఒక లక్షణాన్ని బట్టి కాక పెట్టినవారి ఇచ్ఛను బట్టి ఒక వ్యక్తికి చెందే పేరు యదృచ్ఛాశబ్దం. ఇక్కడ ‘జాతి’ అంటే అనేక వ్యక్తులకు ఉమ్మడిగా ఉండే సామాన్యధర్మం మాత్రమే. ఈ వ్యాసంలో ఆ మాట ఈ శాస్త్రార్థంలోనే వాడబడింది.

3. తెలుగులో మనిషిని చూపే తీరు

తెలుగులో నిశ్చయార్థాన్ని తెలిపే ప్రత్యేక ఉపపదం లేదు. ‘ఒక’ చేర్చినా చేర్చకపోయినా అనిశ్చయం తెలుస్తుంది. ‘ఆ’, ‘ఈ’ చేర్చి నిశ్చయం తెలపవచ్చు. ఏదీ చేర్చకుండా నామవాచకాన్ని ఒంటరిగానూ వాడవచ్చు. ‘పిల్ల’ అన్న ఒంటరి మాట సందర్భాన్ని బట్టి ఆడపిల్లల జాతిని, ఎవరో ఒక పిల్లను, ముందే తెలిసిన ఫలానా పిల్లను – మూడింటినీ తెలపగలదు.

కర్మపదం విషయంలో భాష కొంత తేడా చూపుతుంది. ‘పుస్తకం చదివాడు’ అన్నదానికి, ‘పుస్తకాన్ని చదివాడు’ అన్నదానికి భేదముంది. రెండోది సాధారణంగా నిర్దిష్టమైన పుస్తకాన్ని సూచిస్తుంది. మనుషుల విషయంలో ఈ వెసులుబాటు లేదు. విభక్తి ప్రత్యయం తప్పనిసరి కావడంతో ఆ భేదం ప్రత్యయంలో కనిపించదు. ‘పిల్లను వెతుకుతున్నారు’ అంటే తప్పిపోయిన తమ పిల్లను వెతుకుతున్నారని కావచ్చు. పెళ్లి సంబంధం కోసం ఎవరో ఒక పిల్లను వెతుకుతున్నారని కావచ్చు. మొదటి అర్థంలో ఆ పిల్లే దొరకాలి. రెండో అర్థంలో ఏ పిల్ల దొరికినా వెతుకులాట ముగుస్తుంది. ఇటువంటి భేదాన్నే 1956లో క్వైన్ పడవ కావాలన్న కోరికతో వివరించాడు: ఫలానా పడవే కావాలనడం ఒకటి, పడవ లేని లోటు తీరితే చాలుననడం ఒకటి. ‘పిల్లను వెతకడం’ అన్న తెలుగు మాట ఈ రెండు అర్థాలనూ ఒకే రూపంలో మోస్తుంది.

నిర్దేశానికి తెలుగులో మరో కోణమూ ఉంది. వాడు, అతను, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ – ప్రథమపురుషలో ఒక మనిషిని చూపాలంటే వీటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఆ ఎంపిక మనిషి ఎవరో చెప్పడంతో ఆగదు. మాట్లాడేవారి దృష్టిలో ఆ మనిషి స్థానమేమిటో కూడా చెబుతుంది. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణం మహత్తు, మహతి, అమహత్తు అన్న విభాగాన్ని పాటించింది. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతో, బహువచనంలో మహత్తులతో కలుస్తాయి. ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’ అన్న వాక్యాల్లో క్రియారూపం ఒక్కటే. వ్యాకరణలింగాన్ని నేరుగా సామాజిక తీర్పుగా చదవకూడదన్నది నిజమే. అయితే ‘అది’ అన్న సర్వనామం వస్తువుకు, పశువుకు, చనువుగానో చులకనగానో స్త్రీకి కూడా చెల్లుతుందన్న వాడుక మాత్రం వినేవారందరికీ తెలిసిన సామాజిక సత్యం.

ఉత్తమ, మధ్యమ పురుషల్లో పరిస్థితి భిన్నం. ‘వచ్చాను’, ‘వచ్చావు’, ‘వచ్చారు’ అన్న క్రియల్లో లింగభేదం లేదు. హిందీలో ‘నేను వచ్చాను’ అనడానికి స్త్రీ ఒక రూపం, పురుషుడు మరో రూపం వాడాలి. తెలుగులో ఆ అవసరం లేదు. ‘పేదవాణ్ణి’, ‘పేదదాన్ని’ వంటి నామరూపాల్లో, ‘ఏరా’, ‘ఏమే’ వంటి పిలుపుల్లో లింగం బయటపడుతుంది గాని మామూలు క్రియావాక్యంలో పడదు. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు క్రియ దాచిపెట్టే విషయం, మూడో మనిషిని గురించి చెప్పేటప్పుడు బయటికి వస్తుంది. గ్రాంథికభాషలో సర్వనామాలు ఉన్నా, నిత్యజీవితంలోని ఈ తరతమభేదాలు పూర్తిగా పలికేది వాడుకభాషలోనే. నాటకానికి వాడుకభాషను ఎంచుకోవడం ద్వారా గురజాడ ఈ వ్యవస్థనంతటినీ రంగస్థలం మీదికి తెచ్చాడు.

4. బేరంలో పలికిన ‘పిల్ల’

అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మ బాలవితంతువు. రెండో కూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లుకు శుల్కం తీసుకుని ఇవ్వడానికి అతను సిద్ధపడతాడు. భార్య వెంకమ్మకు అది ఇష్టం లేదు. ఆమె సోదరుడు కరటకశాస్త్రి ఆ సంబంధాన్ని చెడగొట్టడానికి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తన కూతురని చెప్పి, రామప్పపంతులు మధ్యవర్తిత్వంతో లుబ్ధావధాన్లుకు కట్టబెడతాడు.

ఇక్కడ గమనించవలసింది వేషం ఎంత బాగా కుదిరిందన్నది కాదు; సుబ్బి స్థానంలో మరో పిల్ల ఇంత సులభంగా ఎలా ఇమిడిందన్నది. లుబ్ధావధాన్లుకు కావలసింది సుబ్బి కాదు. కులం, వయసు, శుల్కం అన్న షరతులకు సరిపోయే కన్య కావాలి. డానెలన్ చెప్పిన మొదటి వాడుకలో ‘పిల్ల’ అన్న వర్ణనను అతను వాడుతున్నాడు: ఎవరైనా సరే, ఈ లక్షణాలు ఉంటే చాలు. వర్ణనకు సరిపోయే ఎవరినైనా ఆ చోటులో పెట్టవచ్చు. అందుకే సుబ్బి తొలగినా బేరం చెడలేదు. బేరంలో ‘పిల్ల’ అన్న మాట అలాగే ఉంది, దాని వెనకున్న మనిషి మారింది. అదే మాటను కరటకశాస్త్రి రెండో వాడుకలో వాడుతున్నాడు. అతని మనసులో ఉన్నది ఫలానా శిష్యుడు. వర్ణన పూర్తిగా తప్పు, నిర్దేశం మాత్రం గురితప్పలేదు. ఒకే మాట మీద ఇద్దరు రెండు వాడుకలతో ఒప్పందం చేసుకోవడమే ఈ మోసం నిర్మాణం.

వ్యాకరణం కూడా ఈ మోసానికి ఒక ప్రత్యేకమైన ఆకృతినిచ్చింది. ఆడవేషంలో ఉన్న మహేశం ‘నేను వచ్చాను’ అన్నా, ‘తిన్నాను’ అన్నా క్రియాపరంగా అబద్ధమాడనక్కరలేదు. అబద్ధం ఆడవలసింది అతన్ని గురించి మాట్లాడేవారు. కుట్ర తెలిసినవారు తమలో తాము ‘వచ్చాడు’ అనుకుని, తెలియనివారి ముందు ‘వచ్చింది’ అనాలి. తెలుగులో ఈ మోసం ప్రధానంగా ప్రథమపురుషలో జరుగుతుంది. ఆడపిల్లను గురించి ఇతరులు మాట్లాడుకునే చోట, ఆమె తన గురించి చెప్పుకునే అవసరం లేని చోట అది నిలబడుతుంది. కన్యాశుల్కం ఆచారంలో పిల్లకున్న స్థానం సరిగ్గా అటువంటిదే. ఆమె ప్రథమపురుష మాత్రమే. ఆమె పెళ్లిని గురించి వాదించేది తండ్రి, తల్లి, మేనమామ, బేరం కుదిర్చేది మధ్యవర్తి, కొనేది వరుడు.

ఈ పరిస్థితి కల్పన మాత్రమే కాదనడానికి సాక్ష్యం 1897 నాటి తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలోనే ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి ఆజ్ఞపై విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కవివాహాల జాబితా తయారైందని, అసంపూర్ణమైన ఆ జాబితాలోనే 1,034 పెళ్లిళ్లు నమోదయ్యాయని ఆయన తెలిపాడు. వారిలో 99 మంది ఐదేళ్ల పిల్లలు. ముగ్గురు ఏడాది వయసువారు. గర్భంలో ఉన్న శిశువుకు కూడా ఒక్కోసారి బేరం జరుగుతుందని ఆయన రాశాడు.

ఈ చివరి వాక్యం నిర్దేశ సమస్యకు పరాకాష్ఠ. పుట్టని పిల్లకు పేరు లేదు, ముఖం లేదు, ఆమె ఆడపిల్ల అన్న నిశ్చయం కూడా లేదు. ఉన్నది ‘పుట్టబోయే ఆడపిల్ల’ అన్న వర్ణన ఒక్కటే. బేరం ఆ వర్ణనతోనే జరుగుతుంది. పుట్టినది మగపిల్లవాడైతే వర్ణనకు తగిన వ్యక్తే లేకుండా పోతుంది. పీఠికలో సంభావ్యతగా మిగిలిన ఆ విషయం నాటకంలో సంఘటనగా మారింది. లుబ్ధావధాన్లు కొన్న కన్య మగపిల్లవాడిగా తేలింది. ఈ దృష్టితో చూస్తే మాయపెళ్లి కథను కదిలించడానికి అరువు తెచ్చిన పన్నాగం కాదు. ఆచారంలో ముందునుంచీ దాగి ఉన్న తర్కాన్ని చివరిదాకా నడిపించిన ఫలితం. నాటకానికి ‘కన్యాశుల్కం’ అన్న పేరు కూడా ఇదే చెబుతుంది. అందులోని ‘కన్య’ జాతివాచకమే. ఏ వ్యక్తి పేరూ కాదు. ఆచారం మీమాంసకుల పక్షాన నిలిచి, శబ్దానికి జాతే అర్థమని ఒప్పుకుని, వ్యక్తి సంగతి విచారించకుండా డబ్బు చెల్లించింది.

5. కంటె, పిల్ల

ఈ పెళ్లిలో పిల్లతోపాటు చేతులు మారిన మరో వస్తువు మధురవాణి కంటె. పెళ్లికూతురు అలంకరణ కోసం రామప్పపంతులు దాన్ని ఆమె దగ్గర పుచ్చుకుంటాడు. మాయపెళ్లికూతురు కనిపించకుండా పోయాక తన కంటె తిరిగి ఇమ్మని మధురవాణి అతన్ని నిలదీస్తుంది.

వస్తువుకు, మనిషికి నాటకంలో జరిగే నిర్దేశాన్ని పోల్చడానికి ఈ సందర్భం అవకాశమిస్తుంది. ‘నా కంటె’ అన్నప్పుడు స్వామిత్వమే వస్తువును నిర్దిష్టం చేస్తుంది. ఎవరిదో, ఎవరు తీసుకున్నారో, ఎవరికి ఇవ్వాలో – అన్నీ తేలిన వస్తువు అది. దానికి ఒక చరిత్ర ఉంది. దాని గురించి మాట్లాడేవారందరికీ ఏ కంటెను గురించి మాట్లాడుతున్నారో తెలుసు. అదే సమయంలో పెళ్లి చేసుకున్న పిల్ల ఎవరో పెళ్లికొడుక్కే తెలియదు. నగకు దక్కిన వ్యక్తిత్వం పిల్లకు దక్కలేదు. పిల్లను వస్తువుగా చూశారనడం ఈ ఆచారంపై తరచుగా వినిపించే విమర్శ. నాటకం చూపిన వాస్తవం దానికన్నా కఠినమైనది: వస్తువుకు ఉన్నపాటి నిర్దిష్టత కూడా పిల్లకు లేదు.

6. లేని మనిషి ఖూనీ

పిల్ల మాయమయ్యాక లుబ్ధావధాన్లు మీద ఖూనీ అభియోగం వస్తుంది. అతని తరఫున వకీలు సౌజన్యారావు పంతులు పూనుకుంటాడు. ‘లుబ్ధావధాన్లు చంపిన పెళ్లికూతురు’ అన్న వర్ణన ఇప్పుడు న్యాయస్థానం ముందుకు వచ్చింది. రసెల్ పద్ధతిలో విడదీస్తే ఇందులో మూడు ప్రతిపాదనలున్నాయి: అటువంటి పెళ్లికూతురు ఉంది, ఒక్కతే ఉంది, ఆమెను ఇతను చంపాడు. ముద్దాయి తరఫువారు సాధారణంగా మూడో ప్రతిపాదనను ఖండిస్తారు. ఇక్కడ కూలిపోవలసింది మొదటి ప్రతిపాదన. స్ట్రాసన్ పద్ధతిలో చూస్తే అభియోగానికి నిజానిజాల ప్రసక్తే లేదు. తత్త్వవేత్త అక్కడ ఆగవచ్చు, న్యాయస్థానం ఆగలేదు. అది నేరం జరిగిందనో జరగలేదనో తేల్చాలి.

లుబ్ధావధాన్లు దుస్థితి ఇందులోనే ఉంది. తాను చంపలేదని అతనికి తెలుసు. పిల్లే లేదని తెలియదు. ‘నా పెళ్లాం’ అన్న మాట ఎవరినీ చూపడం లేదన్న సంగతి తెలియనివాడు తన నిర్దోషిత్వాన్ని సరైన మాటల్లో చెప్పుకోలేడు. బేరమాడిననాడు ‘ఎవరైనా సరే’ అన్న అర్థంలో వాడిన మాట, ఖూనీ కేసునాడు ‘ఎవరు ఆమె?’ అన్న ప్రశ్నగా తిరిగి వచ్చింది. కొనేటప్పుడు వ్యక్తిని గుర్తించనక్కరలేకపోయింది; ప్రాణం మీదికి వచ్చినప్పుడు గుర్తించక తప్పలేదు. హాస్యం నడుమ గురజాడ విధించిన శిక్ష ఇదే. శిక్షాస్మృతిలోని ఏ సెక్షనూ విధించలేని శిక్ష ఇది. లుబ్ధావధాన్లు ఏ లోపంతో తప్పు చేశాడో ఆ లోపంతోనే చిక్కుకున్నాడు.

ఈ చిక్కు విడిపోవాలంటే వర్ణన వెనక ఉన్న అసలు వ్యక్తిని ఎరిగినవారు నోరు విప్పాలి. కుట్ర తెలిసినవారిలో ఆ పనికి ముందుకు వచ్చినది మధురవాణి.

7. సౌజన్యారావు ముందున్న వ్యక్తి

చివరి అంకంలో మధురవాణి పురుషవేషంలో సౌజన్యారావు ఇంటికి వెళ్తుంది. సౌజన్యారావు వేశ్యాసంపర్కాన్ని వ్యతిరేకించే సంస్కర్త, నిజాయితీపరుడు. వేశ్యగా వస్తే తనకు అక్కడ ప్రవేశం దొరకదని ఆమెకు తెలుసు. కనుక ఈ నాటకంలో ప్రధానమైన లింగమార్పిడి వేషాలు రెండు: మగపిల్లవాడు పెళ్లికూతురుగా, వేశ్య పురుషుడుగా. ఈ రెండూ ఒకదానికొకటి ప్రతిబింబాలు.

మొదటి వేషంలో వర్ణన ఉంది, దానికి తగిన వ్యక్తి లేదు. రెండో వేషంలో వ్యక్తి ఉంది, ఆమెకు అంటగట్టిన వర్ణనను తాత్కాలికంగా తొలగించారు. ఫ్రేగె చెప్పిన భేదం ఇక్కడ నాటకీయ రూపం ధరిస్తుంది. ‘లుబ్ధావధాన్లును రక్షించడానికి వచ్చిన మనిషి’, ‘వేశ్య మధురవాణి’ అన్న రెండు నిర్దేశాలూ ఒకే వ్యక్తిని చూపుతాయి. మొదటి దారిలో అందిన వ్యక్తిపట్ల సౌజన్యారావుకు మర్యాద ఉంది. రెండో దారిలో అందే వ్యక్తిపట్ల నిషేధం ఉంది. రెండూ ఒకటేనని తెలిసిన క్షణంలో ఆ నిషేధం ఎవరిమీద విధించబడిందన్న ప్రశ్న తప్పించుకోలేనిదవుతుంది. అది ఈ మనిషి మీద విధించినది కాదు; ‘వేశ్య’ అన్న జాతి మీద విధించినది. వ్యక్తిని చూడకుండానే అమల్లోకి వచ్చిన తీర్పు అది.

ఈ సన్నివేశానికి తెలుగు వ్యాకరణం ఇచ్చిన సహకారం గమనించదగినది. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. వారి మధ్య నడిచే మాట ఉత్తమ, మధ్యమ పురుషల్లో సాగుతుంది. ఆ క్రియల్లో లింగం తెలియదు. మాయపెళ్లిలో ప్రథమపురుష మోసానికి తావిచ్చింది. ఇక్కడ ఉత్తమ, మధ్యమ పురుషలు పరిచయానికి తావిచ్చాయి. ‘ఆవిడ’, ‘అది’ అని ఆమె గురించి ఎవరూ చెప్పనవసరం లేని చోట, తాను తనుగా మాట్లాడే చోట, సంస్కర్త మొదటిసారి ఆమెను వ్యక్తిగా ఎదుర్కొన్నాడు. పేరు బయటపడేసరికి ఆ పేరుకు అర్థం అతనికి అప్పటికే మారిపోయి ఉంది. ‘మధురవాణి’ ఇక వేశ్య అన్న వర్ణనకు సంక్షిప్తరూపం కాదు. క్రిప్కి చెప్పిన అర్థంలో అది సంజ్ఞ; తన గురించి ఇతరులు అనుకున్నవన్నీ తప్పైనా నిలిచి ఉండే పేరు.

1909 కూర్పులో మధురవాణి పాత్ర బాగా పెరిగిందన్నది పాఠాలను పోల్చి చూసిన వారందరికీ తెలిసిన విషయం. ఆ విస్తరణను పాత్రపై రచయితకు పెరిగిన అభిమానంగా చెప్పడం ఉంది. ఇక్కడి విశ్లేషణ మరో కారణాన్ని సూచిస్తుంది. శుల్కవివాహాన్ని విమర్శించడానికి తొలి కూర్పులోని మాయపెళ్లి చాలు. సంస్కరణను కూడా అదే కొలతతో కొలవాలంటే వర్ణనను దాటి వచ్చిన ఒక వ్యక్తి కావాలి. ఆ వ్యక్తికి చోటు కల్పించడానికి నాటకం పెరగవలసి వచ్చింది.

8. ఒక ఆక్షేపణ, సమాధానం

వేషం మార్చి మోసగించడం సంస్కృత నాటకాల్లోనూ షేక్‌స్పియర్ నాటకాల్లోనూ సుపరిచితమైన పద్ధతి. గురజాడ దాన్ని హాస్యం కోసం స్వీకరించి ఉండవచ్చు. అందులో నిర్దేశసిద్ధాంతాన్ని వెతకడం అతివ్యాఖ్య అని ఆక్షేపించవచ్చు. గురజాడ ఈ సిద్ధాంతాలను దృష్టిలో పెట్టుకుని రాశాడని ఈ వ్యాసం అనడం లేదు. వాటిలో ఎక్కువ భాగం ఆయన మరణించిన 1915 తరువాత వచ్చినవే. విషయం రచయిత ఉద్దేశానిది కాదు, కథానిర్మాణానిది.

వేషధారణ సమానమైనా అది దేనివల్ల సఫలమవుతుందన్నది నాటకాన్ని బట్టి మారుతుంది. ‘ది మర్చంట్ ఆఫ్ వెనిస్’లో పోర్షియా న్యాయవాది వేషంలో నెగ్గేది తన వాదనాపటిమ వల్ల, అక్కడ వేషధారి ప్రతిభే ప్రధానం. మహేశం వేషం నిలవడానికి ప్రతిభ తోడ్పడి ఉండవచ్చు గాని, అంతకన్నా ఎక్కువగా తోడ్పడినది కొనేవారి నిర్లక్ష్యం. పెళ్లికూతురు ఎవరని అడిగే అలవాటు ఆ ఆచారానికి లేదు. ఇదే పన్నాగాన్ని మనిషిని మనిషిగా ఎరిగి చేసుకునే పెళ్లిలో ఊహిస్తే కథ మొదటి రోజే ఆగిపోతుంది. ఒక నాటకీయ పద్ధతి ఏ సామాజిక పరిస్థితిలో మాత్రమే పనిచేయగలదో అడగడం అతివ్యాఖ్య కాదు. విమర్శ చేయవలసిన పనే.

మరో పరిమితిని కూడా గుర్తించాలి. వర్ణనతో మనిషిని చూపడం దానంతట అదే దోషం కాదు. అపరిచితులను వర్ణనతో తప్ప చూపలేం. జనాభా లెక్క, చట్టం, సంస్కరణ ఏదీ జాతివాచకాలు లేకుండా నడవదు. గురజాడ పీఠికలోని 1,034 కూడా పేర్లు లేని సంఖ్యే. ఆ సంఖ్య లేకపోతే ఆచారం తీవ్రత తెలిసేది కాదు. తేడా ఎక్కడంటే, సంఖ్య వ్యక్తుల వైపు దృష్టి మళ్లించడానికి వాడబడింది. బేరంలోని వర్ణన వ్యక్తిని చూడకుండా ఉండటానికి వాడబడింది. పీఠిక లెక్కపెట్టిన పిల్లలకు నాటకం ముఖాలు ఇచ్చింది. శుల్కానికి అమ్ముడై వితంతువైన పిల్ల ఎలా ఉంటుందో బుచ్చమ్మ రూపంలో చూపింది. ఇలా పీఠిక, నాటకం ఒకదానికొకటి పూరకాలుగా నిలిచాయి.

9. ముగింపు

కన్యాశుల్కం కథలో మూడు కీలక ఘట్టాలు నిర్దేశం మూడు విధాలుగా తప్పిపోవడాన్ని, చివరకు కుదరడాన్ని చూపుతాయి. మాయపెళ్లిలో ఒకే మాటను ఇద్దరు రెండు వాడుకల్లో వాడారు. ఖూనీ కేసులో మాట ఎవరినీ చూపకుండానే ఒకరి ప్రాణం మీదికి వచ్చింది. మధురవాణి రాకతో వర్ణన తొలగి వ్యక్తి కనిపించింది. ఈ మూడింటినీ కలిపితే తేలే విషయం: మనిషిని జాతిగా మాత్రమే చూపే మాట ఆచారంలో ఉన్నా, ఆదర్శంలో ఉన్నా ఒకే రకమైన అంధత్వానికి దారితీస్తుంది. లుబ్ధావధాన్లు దురాశతో, సౌజన్యారావు సదుద్దేశంతో ఆ మాట వాడారు. దురాశకు, సదుద్దేశానికి ఉన్న భేదం పెద్దది. అయినా ఇద్దరూ తమ ఎదుట ఉన్నది ఎవరన్న ప్రశ్నను ఆలస్యంగానే అడిగారు.

శుల్కవివాహం ఇవాళ లేదు. ‘పిల్లను చూడటం’ అన్న పలుకుబడి మాత్రం పెళ్లి సంబంధాల్లో అలాగే ఉంది. కులం, ఎత్తు, రంగు, చదువు, జీతం అన్న షరతుల జాబితాతో వెతికే వివాహ ప్రకటనల్లో నిర్దేశం ఇంకా ‘ఎవరైనా సరే’ అన్న వాడుకలోనే మొదలవుతుంది. ఏ మాట వ్యక్తిని చూపుతోందో, ఏ మాట వ్యక్తిని కప్పిపుచ్చుతోందో తేల్చే పనిలో సర్వనామాలు, విభక్తులు, క్రియాంతాలు వ్యాకరణ పాఠాలకే పరిమితం కానక్కరలేదు. తెలుగు నాటకాన్నీ కథనూ నవలనూ ఈ దృష్టితో తిరిగి చదవడానికి భాషాశాస్త్రం, సాహిత్యవిమర్శ కలిసి చేయవలసిన పని చాలా మిగిలి ఉంది.